ఇక ఊదకమ్మా

రెన్,
జూన్, మంగళవారం

అమ్మా,

డాక్టరమ్మ దగ్గర నువ్వు పచ్చి అబద్ధం ఆడావు. "దుమ్ములో పనిచేస్తారా?" అని ఆవిడ అడిగితే, "లేదండీ, ఏవో బొమ్మలు వేసుకుంటాను" అన్నావట! ఇన్నేళ్లుగా పాస్టెల్ సుద్దలు రుద్ది, రాలిన రంగుపొడిని నోటితో ఊదే మనిషి చెప్పే మాటేనా ఇది? దగ్గు సముద్రపు గాలి వల్లనట! ఆ సముద్రానికి నోరు లేదు కాబట్టి బతికిపోయావు.

తిట్టడం అయింది, ఇక కుశలం. నేనూ, మీ అల్లుడు గిల్దా హాయిగా ఉన్నాం. మా కార్మిక సంఘానికి నేను రాసిన కొత్త కరపత్రం చదివి ఆయన "విషయం కంటే అరుపులే ఎక్కువ" అన్నాడు. ఆ పూట వంట ఆయనకే అప్పజెప్పాను. అట్లు మాడ్చాడు గానీ, తిన్నాం.

"బొమ్మలు మానెయ్యమంటే నేనేం చెయ్యను, కిటికీలో కూర్చుని పడవలు చూడనా?" అని రాశావు. ఆ భయంతోనే కదా అబద్ధమాడావు! ఎక్స్‌రే చూడ్డానికి ధైర్యం లేక ఫలితం నాకే ఫోనులో చెప్పమని డాక్టరమ్మకి నా పేరిచ్చావు. ఇదిగో, విను. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి! నేను ఉన్నదున్నట్టు చెప్పాక ఆవిడ నవ్వి, "బొమ్మలు మానక్కర్లేదు, దుమ్ము మింగడం మానమనండి. దగ్గు అదే తగ్గుతుంది" అంది. ఫోను పెట్టేసి వంటింట్లో గంతులేశాను.

"పెట్టె మీద హాని లేదని రాసి ఉందిగా" అన్నావు. ఏ పెట్టె? ఈస్టరుకి వచ్చినప్పుడు చూశానుగా, సుద్ద కొనగానే కాగితం ఒలిచేసి, రెండు ముక్కలు చేసి బిస్కెట్ల డబ్బాలో పడేస్తావు. బొమ్మలేసే మీ వాళ్లంతా అంతే. హెచ్చరిక కూడా ఆ కాగితంతో పాటే చెత్తబుట్టలోకి పోతుంది. ఆ ఎరుపులో కాడ్మియం అనే విషలోహం ఉందో లేదో ఇక దేవుడికే తెలియాలి. అయినా హాని లేదంటే, వేళ్లకు అంటిన నీలంతోనే వెన్నరొట్టె తినమని కాదు. ఏ రంగు పొడైనా సరే, పీల్చడానికి పనికిరాదు.

తప్పు నీ ఒక్కదానిదే అనను. నువ్వు సుద్దలు తెప్పించుకునే ఇక్కడి రియూ దుకాణానికి వెళ్లి నిలదీశాను.

"ఏమండీ ముస్యే రియూ, ఒలిచి పారేసే కాగితం మీద హెచ్చరిక రాస్తే ఎవరికి లాభం?"

"మరెక్కడ రాయమంటారు మేడమ్? సుద్ద మీదా? రెండు మేఘాలు వేసేసరికి అరిగిపోతుంది."

"పెట్టెలో, ఆ సుద్ద పెట్టే గాడిలో రాయండి!"

"మీ అమ్మగారు పెట్టె వాడితే కదా!"

నా నోరు మూయించే మనిషి దొరికాడని గిల్దా పండగ చేసుకుందామన్నాడు. చివరికి ఆ రియూనే తల గోక్కుని, విడి సుద్ద కొన్నవాళ్లకు రంగు పేరూ హెచ్చరికా ఉన్న అంటించే చీటీ ఇస్తానన్నాడు. నా వెనక నిలబడ్డ ముసలాయన "నాకు పాతవాటికి కూడా కావాలి" అని దెబ్బలాట మొదలెట్టాడు. చూశావా, ఉద్యమం!

ఇంక దాచలేను. అంతసేపు అరిచి ఉత్తచేతులతో రావడం బాగోక, ఒక చిన్న పెట్టె కొన్నాను. పనిలేని ధనవంతుల కాలక్షేపమని నీ బొమ్మల్ని వెక్కిరించిన నేను, పని నుంచి రాగానే సుద్ద చేతపడుతున్నాను. ఆటుకి నీళ్లు వెనక్కి పోయిన మన కాంకర్నో ఊరి తీరం వేశాను. మాస్కూ, తడిగుడ్డా, అన్నీ పద్ధతిగా పెట్టుకున్నాను. బొమ్మ పూర్తయింది. మురిసిపోయాను. మాస్కు కిందికి లాగి, ఫూ అని ఊదేశాను!

గుమ్మంలోంచి గిల్దా "అచ్చం అమ్మ కూతురే!" అన్నాడు. ముక్కు నిండా నీలంతో పడీపడీ నవ్వాను. ఇంత సంతోషం నీ దగ్గరుంటే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేమమ్మా?

నా డిమాండ్లు ఇవి. బేరాలు లేవు.

ఊదకు. బొమ్మను నిటారుగా నిలబెట్టి, వెనక నుంచి మెల్లగా తట్టు. పొడి కింద పరిచిన తడిగుడ్డ మీద పడాలి.

చీపురు ముట్టుకోకు. తడిగుడ్డతోనే తుడువు.

ముక్కుకి మాస్కు, వేళ్లకు పల్చటి తొడుగులు.

చేతులు కడిగాకే వెన్నరొట్టె. అదీ వంటింట్లో.

పేరు తెలియని సుద్దలు వాడకు.

డాక్టరమ్మకి ఇక నిజమే చెప్పు.

తడి ఇసుక రంగు నాకెంతకీ కుదరడం లేదు. ఏ రంగు మీద ఏ రంగు రుద్దాలో వెంటనే రాయి.

ఇట్లు,
నీ గయ్యాళి కూతురు
నోల్వెన్