చెప్పకుండా మూసేసిన పాత దారి

అరవై మూడేళ్ల అవివాహితను, కంప్యూటర్ బోర్డుల కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రోగ్రాములు రాసి రిటైరైనదాన్ని, ఆఫీసులో అందరూ బూటక్క అని పిలిచినదాన్ని. ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. విరిగిన తుంటి అతికింది గానీ నా గుండె మీద డాక్టరుకి నమ్మకం లేదు. మతి స్థిమితంగానే ఉంది; జ్ఞాపకశక్తి అవసరానికి మించే ఉంది. ఇంతకు ముందు రాసిన వీలునామా దీంతో రద్దు.

1. దీన్ని అమలుచేసే బాధ్యత మందుల షాపు నడిపే మా చెల్లెలిది. రెండు గదుల ఫ్లాటు, అందులోని సామాను నా తదనంతరం సర్వహక్కులతో దానికే చెందుతాయి. వంటింటి కిటికీ గడియ కాస్త ఎత్తి లాగితేనే పడుతుంది. నా చీరలు నీకు నచ్చవని తెలుసు, మొహమాటానికి ఉంచుకోకు.

2. మీట నొక్కగానే కంప్యూటర్లో అన్నిటికన్నా ముందు లేచి, మిగతావాటిని లేపే చిన్న బూట్ ప్రోగ్రాం ఒకటుంటుంది; నా బూటక్క పేరు దానివల్లే. ఏనాటివో పాత సాఫ్ట్‌వేర్లు కూడా కొత్త బోర్డుల మీద లేచేలా చేసే భాగం అందులో నాది. దాని అచ్చుప్రతులు మూడు అట్టపెట్టెల్లో ఉన్నాయి. పాత వీలునామాలో వాటిని తమ్ముడికి రాశాను. ఇప్పుడు పాత కాగితాలవాడికి వేసేయండి.

3. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. నా పక్క కుర్చీలో పదకొండేళ్లు పని నేర్చుకుని, నా తర్వాత ఆ విభాగానికి పెద్దయినవాడు. పాత భాగాన్ని తీసేయాలని పట్టుబట్టాడు. దొంగ ప్రోగ్రాములు ఆ దారినే చొరబడతాయన్నాడు. అది నిజమే. "ఆ దారికి తలుపు లేదు, మూయాల్సిందే. కానీ బ్రెయిలీ ప్రెస్సువాళ్లు మారేదాకా ఆగు" అని అతనికి నేనే ఉత్తరం రాశాను. చూపులేని పిల్లలకి పుస్తకాలు వేసే ఆ ప్రెస్సులోని ఆరు కంప్యూటర్లలో బోర్డులు మావి, సాఫ్ట్‌వేర్ పాతికేళ్లనాటిది. చుక్కలు కొట్టే యంత్రాలు ఇంకొకదాని మాట వినవు. అతను ఇంటికొచ్చి, నేను చేసిన ఉప్మా తింటూ, "ఏడాది ముందు వాళ్లకి చెప్పాకే తీస్తానక్కా" అన్నాడు.

నేను స్నానాలగదిలో జారిపడి ఆసుపత్రిలో ఉన్న మూడోవారం, ప్రెస్సుకి చెప్పకుండానే తీసేశాడు. మీటింగులో నా ఉత్తరంలోని మొదటి వాక్యం మాత్రమే చదివి, "బూటక్కే ఒప్పుకుంది" అన్నాడట. వార్షిక సర్వీసుకి వెళ్లిన కంపెనీ మనిషి ప్రెస్సులో ఆరింటికీ కొత్త ప్రోగ్రాం ఎక్కించాడు. మర్నాడు అక్కడి ఆపరేటరు ఫోను చేశాడు: "మేడమ్, మీట నొక్కితే ఆరింట్లో ఒక్కటీ కూత కూయడం లేదు. పరీక్ష పుస్తకాలు సగంలో ఉన్నాయి." తమ్ముడికి పద్నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు.

పందొమ్మిది రోజుల తర్వాత వాకరు పట్టుకుని వెళ్లి, ఆరు చిప్పుల్లోకీ పాత ప్రోగ్రామే మళ్లీ ఎక్కించాను. పుస్తకాలు పరీక్ష అయ్యాక అచ్చయ్యాయి. చూపులేని నలుగురు పిల్లలకి ఆ ఏడాది పోయింది. అందులో ఒకమ్మాయి ప్రెస్సుకొచ్చి, మొదటి పేజీ వేలితో తడిమి, పుస్తకం మూసి బల్ల మీద పెట్టేసి వెళ్లింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

తర్వాత తమ్ముడొచ్చి, "నీ ఆరోగ్యం బాగాలేదనే నీకు చెప్పలేదక్కా" అన్నాడు. నమ్మించి గొంతు కోసినవాడు నా తుంటిని సాకుగా తెచ్చుకున్నాడు.

4. చిప్పులోకి ప్రోగ్రాం ఎక్కించే నా క్లిప్పు ప్రెస్సు ఆపరేటరుకి చెందుతుంది. అతనికీ చూపు లేదు కాబట్టి ఎర్ర తీగ వైపు మైనం చుక్క అంటించాను, వేలికి తగులుతుంది. బాబూ, అది కొన్నాళ్లకే. నా పొదుపంతా ప్రెస్సుకి కొత్త యంత్రాలు కొనడానికి రాస్తున్నాను. అవి రాగానే పాతవి ఆపేయండి. నా మీద గౌరవంతో ఆ దారి తెరిచి ఉంచొద్దు.

5. తమ్ముడికి ఏమీ ఇవ్వడం లేదు. కోపంతో కాదంటే అబద్ధమవుతుంది. వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదంటారు. అతనికి వాటా లేదు గనక పెట్టొచ్చు. కబురు పెట్టాను. సాక్షులు చదవకుండా సంతకం చేయడం మామూలే గానీ, అతను మాత్రం మొత్తం నా ఎదుట పైకి చదవాలి.

తేదీ: ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం.
సంతకం: బూటక్క

సాక్షులు:
ఒకటి: కింది అంతస్తు దర్జీ.
రెండు: మూడో అంశంలో ఉన్నవాణ్ణి. పైకి చదివాను. అందులో ఉన్నదంతా నిజం.