ఎరువిచ్చిన రోబో తల

చెన్నై, వాషర్‌మెన్‌పేట్,
ఆదివారం.

అక్కయ్యకి తమ్ముడు వాసు నమస్కారాలు.

నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. మద్రాసు పేరు చెన్నై అని మార్చారు గానీ ఉక్కపోత మాత్రం పాతదే. మెస్సులో భోజనం పరవాలేదు, నీ పచ్చళ్ళే లోటు.

ఉద్యోగం సంగతి రాయాలి. చదివి కంగారు పడకు. మా కంపెనీ ఒక జపాను రోబో బొమ్మను మళ్ళీ తయారుచేస్తోంది. మన చిన్నప్పటి కాలం నాటి బొమ్మ. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలుంటాయి, పిల్లలు జిగురుతో అతికించుకోవాలి. పాత అచ్చులు ఓడలో వచ్చాయి గానీ తల అచ్చు అరిగిపోయింది. అందుకని కొత్త అచ్చుకి నమూనాగా, మన ఊరి బొమ్మలకి వాడే పొణికి కర్రతోనే నన్ను కొత్త తల చెక్కమన్నారు. చెక్కాను. దానికి మీసం పెడితే అచ్చం మన పెదనాన్నే.

జపాను వాళ్ళు ఆ బొమ్మకి ఇద్దరికి లైసెన్సు ఇచ్చారు. పెద్ద సైజు మాది, చిన్న సైజు చింతాద్రిపేటలో ఇంకో కంపెనీది. బొమ్మ ఒకటే అయినా ఎవరి నమూనా వాళ్ళే చేసుకోవాలట, ఒకరిది ఒకరికి ఇవ్వకూడదట. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఆ కంపెనీలో చెక్కే మురుగేశన్ మా మెస్సులోనే తింటాడు. ముఖం కుదరడం లేదని బాధపడితే నా చెక్క తల ఎరువిచ్చాను. మన వీధిలో కొత్త బొమ్మ ఎవరు చెక్కినా చూసి చేసుకోమని ముందు ఎదురింటికి పంపుతాం కదా, అదే అలవాటు.

ఇప్పుడు వాళ్ళ చిన్న రోబో కూడా పెదనాన్న ముఖంతోనే బయటికొచ్చింది. రేపు జపాను మనిషి తనిఖీకి వస్తున్నాడు. మా ఓనరు నాయుడుగారు నిన్న గది తలుపు వేసి అన్నారు.

"ఈడ మీ ఊరి మాదిరి కాదు వాసూ. మనమే ఇచ్చినామంటే లైసెన్సు పోతాది. ఆ మురుగేశన్ దొంగిలించినాడని చెప్పు. లేదంటే నాకు తెలీకుండా నువ్వే ఇచ్చినావని ఒప్పుకొని ఊరికి పో."

ఆయన చెడ్డవారు కాదు. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం చూడలేకపోయారు.

ఇవాళ మధ్యాహ్నం మెస్సులో నాయుడుగారి మాట చెబితే, మురుగేశన్ అన్నం కలుపుకుని తినకుండా కూర్చున్నాడు. "పని పోతే పోనీ వాసూ. దొంగ అని మాత్రం చెప్పొద్దు. మళ్ళీ ఎవరూ నన్ను గడప తొక్కనివ్వరు" అన్నాడు తమిళంలో.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నువ్వు తిడతావు. తిట్టు. నాకు భయంగానే ఉంది అక్కయ్యా. అయినా నా చేత్తో ఇచ్చినదాన్ని దొంగసొత్తు అని నోటితో అనలేను. రేపు నేనే ఇచ్చానని చెబుతాను.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు, పెదనాన్నకి దండాలు. నువ్వు నన్ను దీవించు. పోయినసారి అడిగిన పొణికి చెక్కలు పంపవద్దు. నేను బొమ్మలు చెక్కే పీట మీద నీ రంగుల గిన్నెలు పెట్టుకుని ఉంటే, కాస్త తీసి ఉంచు.

నీ తమ్ముడు,
వాసు