గొర్రెపిల్ల మీద సున్నం

నా గొర్రెపిల్ల మీద సున్నం కొట్టించారు మామయ్యా, నాతో ఒక్క మాటైనా అనకుండా.

చర్చి గోడ మీద ఆ బొమ్మ వెయ్యమన్నది సంఘపెద్దగా మీరే. పని దిగాక పదకొండు సాయంత్రాలు వేశాను. నాకెవరూ బొమ్మలు నేర్పలేదు. గొర్రెపిల్ల అంటే మనకోసం చచ్చిన ప్రభువని మాత్రం తెలుసు. అందుకే దాని కాళ్ళకు కట్టినట్టు తాడు గీశాను. అన్నయ్య పరంజా మీంచి పడి చనిపోయిన రోజు తెగిన తాడది, నీలం పోగుతో సహా.

"దేవుడి బొమ్మకి ఆ కుళ్ళిన తాడేంట్రా, నలుగురిలో నా పరువు తీస్తావా?" అన్నారు, సున్నం కొట్టించాక నేనొచ్చి అడిగితే. నేను గీసింది కొత్త తాడులాగే ఉంది. కుళ్ళిందని మీకెలా తెలుసు మామయ్యా? ఆ రోజు పని మేస్త్రీ మీరు, తాడు మీది.

మీ తోడబుట్టిన అక్కకి చదువు రాదు. ప్రతి ఆదివారం ఆ తాడు మీద చెయ్యి పెట్టి, "నా కొడుకు నొప్పి ఆయనకి తెలుసురా" అనేది. అమ్మకు అదే ప్రార్థన. మొన్న తెల్లగోడ తడిమి, అరచేతికి అంటిన సున్నం చూసుకుని, "ఆయన కూడా పోయాడా?" అని అడిగింది. నాకిప్పుడు ప్రార్థనే రావడం లేదు.

నేను వేసింది నూనెరంగు, దాని మీద సున్నం నిలవదు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. శనివారం మీరు వేయించే డిస్టెంపర్ పడితే ఇక బొమ్మ దక్కదు. ఆలోపే తుడుచుకునేందుకు చర్చి తాళంచెవి అమ్మ చేతికే ఇవ్వండి, మీరే వచ్చి, ఆమె ముఖం చూసి. శుక్రవారం సాయంత్రం ఆరింటిదాకా చూస్తాను.