కుర్చీ వద్దన్నాను

2006 నవంబర్ 6

బుడ్డోడా, నీ పేరు మీద పరుగు పందెం పెడుతున్నారంట. పది కిలోమీటర్లు. వచ్చే నెల పదిహేడు, ఆదివారం. నేను రోజూ ఊడ్చే క్లబ్బు సెక్రటరీయే చెప్పాడు, చీపురు నా చేతిలో ఉండగానే.

"శామ్యూల్ మెమోరియల్ రన్ అమ్మా. నువ్వు స్టేజీ మీద కుర్చీల కూసోవాలె. శాలువా కప్పుతం. జెండా ఊపితే సాలు."

పోయిన వానాకాలం నీకు మలేరియా తలకెక్కితే, భద్రాచలం తీసుకుపోవడానికి జీపు ఇమ్మని ఈయన గేటు ముందే నిలబడ్డాం. జీపు మీటింగులో ఉందన్నారు. జీపులకు కూడా మీటింగులుంటాయని ఆ రోజే తెలిసింది.

"కూసోను సార్, ఉరుకుత" అన్నాను.

నవ్వాడు. పళ్ళు బాగున్నాయి.

నవంబర్ 8

నీ బూట్లు వేసుకున్నాను. ముందర గుడ్డలు కుక్కి. కుచ్చిళ్ళు పైకి దోపి, బొగ్గు లారీల రోడ్డు మీద... నువ్వు ఉరికిన రోడ్డే. వంతెన దాకా కూడా పోలేదు. ఒక కుక్క కొంత దూరం వెంట వచ్చింది. నా మీద నమ్మకం లేక వెనక్కి పోయింది.

నవంబర్ 11

వంతెన దాకా.

నవంబర్ 15

మోకాలి కింద ముందు బొక్క నొప్పి. రెండు కాళ్ళకీ. మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాలి.

మీ నాయన మంచం మీది నుంచే... "గీ వయసుల ఉరుకుడేందే. కాళ్ళ నల్లిబొక్కలు ఇరుగుతయ్. సక్కగ కుర్చీల కూసోక."

శాలువా ఆయనకి కూడా కప్పుతారంట. తెల్ల చొక్కా ఉతికించుకున్నాడు.

నవంబర్ 18

సలహాలకు కరువు లేదు. ఎదురింటి మార్తక్క ఇనుప సీకు కాల్చి వాత పెడతానంది. పాస్టరు గారు కాళ్ళ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే కళ్ళు తెరిచి, "స్టేజీ మీదికి నన్ను గూడ పిలుస్తరామ్మా?"

నవంబర్ 21

కాలనీ దవాఖానా. డాక్టరమ్మ చిన్న పిల్ల. బొక్క వెంట వేలితో నొక్కుతూ పోయింది. పళ్ళు బిగబట్టాను.

"షిన్ స్ప్లింట్స్ అంటారమ్మా దీన్ని. ఈ బూట్లు ఎవరివి?"

"మావే."

"మీ సైజు కాదు. అడుగు కూడా అరిగిపోయింది. వీటితో తారు రోడ్డు మీద పరుగెత్తితే ఎముక చిట్లుతుంది. రెండు వారాలు ఆపండి. తర్వాత మట్టి మీద, మెల్లగా."

మనకైతే బొక్క నొప్పి. వాళ్ళకి దానికొక పేరు. పేరు పెట్టినాక తగ్గినట్టే అనుకుంటారు.

ఐసు పెట్టమంది. మనకి ఐసు ఎక్కడిది, చేపల బండి దగ్గర తప్ప. పెట్టుకుని కూర్చుంటే మార్తక్క పిల్లి నా కాళ్ళ దగ్గర నుంచి కదల్లేదు. నన్ను చూసి సంతోషపడింది అదొక్కటే.

నవంబర్ 22

నువ్వు కూడా సీసా పెట్టి దొర్లించుకునేవాడివి, ఈ బొక్క మీదే. ఏమైందిరా అంటే... "ఏం లేదమ్మా. బొక్కల సూది పెట్టి పొడిసినట్టు ఉంటది. ఉరికితే పోతది."

ఇదే అయి ఉంటుంది.

పోయినోళ్ళ చొక్కా దొరుకుతుంది, ఫొటో దొరుకుతుంది. నొప్పి కూడా దొరుకుతుందని ఎవరూ చెప్పలేదు. తగ్గొద్దు అనిపిస్తుంది. తగ్గకపోతే కుర్చీ.

నవంబర్ 30

కుంటుతూ ఊడుస్తుంటే సెక్రటరీ చూశాడు. ముఖం వెలిగింది. "సూశినవా, దేవుడే కూసోమంటున్నడు."

ఆయన కుర్చీ కింది సిగరెట్ పీకలు అక్కడే వదిలేశాను. దేవుడే ఊడుస్తాడు.

డిసెంబర్ 6

బూట్లు ఇంట్లో పెట్టాను. గడప దాటినాక కూడా వెనక్కి చూశాను.

క్వార్టర్ల వెనక అడవిలోకి తునికాకు కోసేవాళ్ళ బాట. ఉత్త కాళ్ళు. మట్టి చల్లగా ఉంది. కట్టెల మోపు ఎత్తుకున్న ఒక కోయ ఆమె నడకతోనే నన్ను దాటిపోయింది. ఆగి, నా వెనక ఎవరున్నారో చూసింది.

"ఎవలు తరుముతున్నరక్కా?"

"ఎవలు లేరు."

"మరెందుకు?"

ఇన్నాళ్ళకు సరైన మాట అడిగిన మనిషి ఆమె. జవాబు కోసం ఆమె ఆగలేదు.

నొప్పి సగమే ఉంది. తగ్గినందుకు ఇంటికొచ్చి ఏడ్చాను.

డిసెంబర్ 12

అదే బాట. అటు చెరువు కట్ట దాకా పోయి వచ్చాను. కొంచెం నడక, కొంచెం ఉరుకుడు.

డిసెంబర్ 16

రేపు. పందెం తారు రోడ్డు మీదే.

డాక్టరమ్మ మళ్ళీ నొక్కి చూసింది. "మొత్తం పరుగెత్తలేరమ్మా. నొప్పి పెరిగితే అక్కడే ఆగిపోండి, మొండికెయ్యకండి." ఈ పిల్లను తిట్టడానికి చూశాను. కుదరలేదు.

బ్యానరు కట్టారు. నీ ఫొటో కంటే సెక్రటరీ ఫొటో పెద్దది. బతికున్నోళ్ళకి ముఖాలు పెరుగుతాయి కాబోలు. నా కుర్చీకి తెల్ల గుడ్డ తొడిగారు. దాన్ని తుడిచింది కూడా నేనే. మీ నాయన కూర్చుంటాడు... కూర్చోనీ. ఎవరో ఒకరు కూర్చోవాలి గదా.

నేను ఎక్కడ ఆగుతానో తెలియదు. వంతెనకి ఇవతలో, అవతలో. నీ బూట్లు గుడ్డలు తీసేసి ఎండలో పెట్టాను. మళ్ళీ నీ సైజుకి వచ్చాయి.

నువ్వెప్పుడూ ఉత్త కడుపుతోనే ఉరికేవాడివి. వద్దంటే వినేవాడివి కాదు. జొన్నరొట్టె చేశాను, టమాట తొక్కు నూరాను. నీ పళ్ళెంలోనే పెట్టాను. కడుపు నిండా తిను.