సముద్రపు గుర్రం మేత ముట్టేదాకా

సుందరమ్మా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు, అంత వెర్రివాణ్ని కాదు. అయినా రాస్తున్నాను.

ఈ పరాయి దేశం వచ్చాక, మన టౌరంగా ఊళ్ళో పెంపుడు చేపల షాపుకెళ్తే, సముద్రపు గుర్రాల దగ్గర్నుంచి నువ్వు కదిలేదానివి కాదు. చివరికి నీ మాటే నెగ్గింది. మన హాల్లో ఎత్తయిన అద్దాల తొట్టి పెట్టి, ఉప్పునీళ్ళు కలిపి, ఆ నీళ్ళు కుదుటపడేదాకా వారాల తరబడి చేపలు లేకుండానే మోటారు నడిపించాను. తోకతో పట్టుకుని నిలబడతాయని ప్లాస్టిక్ నాచు నాటాను. జంటను తెచ్చాను. ఆడది మొన్న చచ్చిపోయింది. అప్పటినుంచి మగది ఆ నాచు వదలదు, మేత ముట్టదు.

ఇవాళ మధ్యాహ్నం ఐసు రొయ్యపిల్లల్ని కరిగించి దాని ముందు వదిలి, అక్కడే కూర్చున్నాను. మన సునీత హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి నాకు కంచంలో అన్నం పెట్టింది.

"నాన్నా, షుగర్ మాత్ర వేసుకున్నావు. తినకపోతే పడిపోతావు."

"అది తిన్నాక తింటాను."

"చేప కోసం పస్తులా?"

"మీ అమ్మ నాకంటే ముందు ఎన్నడైనా తిందా?"

"అమ్మకి చెప్పీ చెప్పీ నా నోరు పోయింది. ఇప్పుడు నువ్వు తయారయ్యావా!"

చాలాసేపటికి ఒక రొయ్యపిల్ల దాని మూతి దగ్గరికి తేలి వచ్చింది. చటుక్కున పీల్చేసింది. ఇంకోటి కూడా తింది. అప్పుడు కంచం దగ్గరికి లాక్కున్నాను. సునీత వేడి చేస్తానంది, వద్దన్నాను.

అన్నం గట్టిపడింది. పప్పు మీద నెయ్యి పేరుకుపోయింది. నాకెప్పుడూ పొగలు కక్కేదే పెట్టావు. నువ్వు రోజూ తిన్నది ఇదన్నమాట.