నూకాలు మెచ్చిన తిట్లు

అత్తయ్యగారికి మీ కోడలు రామతులసి నమస్కారాలు. ఇక్కడ మనుషులం, గొడ్లు, కోళ్లు అందరం కులాసా. కాకినాడలో వదినగారింట్లో మీ మోకాలు కూడా బాగా వంగుతోందని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అనుకోకండి. వదినగారు స్పీకర్ పెడతారు, ఇంటిల్లిపాదీ వింటారు. ఇది మీ ఒక్కరికే చెప్పాల్సిన సంగతి. సత్తిరాజు బాబాయి అటు వస్తుంటే ఆయన చేతికిచ్చాను.

ముందు మీరు అడిగినవి చెబుతాను. పొదగేసిన పెట్ట పిల్లల్ని లేపింది. ఒకదాన్ని గద్ద ఎత్తుకుపోయింది, మిగతావి తల్లిని వదలడం లేదు. బాతులు కాలవ దాటి అప్పాయమ్మగారి చేలో పడ్డాయి. నేనెంత పిలిచినా తల తిప్పలేదు. "మీ అత్తగారు ఒక్క కేకేస్తే వరసకట్టి వచ్చేవమ్మా!" అని ఆవిడే తోలిపెట్టారు. ఈ ఇంట్లో ఎన్ని ప్రాణాలు మీ నోటి మీద నడుస్తున్నాయో మీరు వెళ్లాకే తెలిసింది.

ఇక నూకాలు. తల్లి పోయిన దూడను సీసా పాలతో మీరు అంత గేదెను చేశారు కదా, అది మీరు వెళ్లిన మర్నాటి నుంచి నాకు చుక్క పాలివ్వలేదు. దాని దూడను విడిచాను, పొదుగు కడిగాను, తవుడు పెట్టాను. ఊహూ, చేపలేదు, పాలు కిందికి దింపనే లేదు. అందరూ చెప్పినట్టు మీ చిలకాకుపచ్చ నేత చీర కట్టుకుని కూర్చున్నాను. చీర వాసన చూసింది, నా మొహం చూసింది, చెంబు తన్నింది. చీర కడితే అత్త అయిపోరని గేదెకి కూడా తెలుసు.

"సూది వేయించమ్మా, పాలు అవే దిగుతాయి" అన్నాడు సత్తిరాజు బాబాయి. సూదంటే మీరేమంటారో తెలుసు కాబట్టి ఆ మాట చెవిన పెట్టలేదు. మీ అబ్బాయేమో, "ఇలాగైతే వట్టిపోతుంది. సోమవారం గొడ్ల బేరగాణ్ణి రమ్మన్నాను" అన్నారు. మామయ్యగారు ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. మీరొచ్చేసరికి పాకలో గుంజ ఖాళీగా ఉంటే మీకు నా మొహం ఎలా చూపించను?

ఇప్పుడు అసలు సంగతి. నేను కాఫీ కలిపే వంటింటి కిటికీ పాక వైపే కదా ఉంది. పాలు పితుకుతూ మీరు నూకాలుతో చెప్పుకునేదంతా నాకు వినిపిస్తుంది. కాపురానికొచ్చినప్పటి నుంచీ వింటున్నాను అత్తయ్యా, ఒక్క ముక్క మర్చిపోలేదు.

సోమవారం పొద్దున్నే చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మీలాగే గొంతు పెంచి అందుకున్నాను.

"ఏమే ముదనష్టపుదానా, ఇటు తిరుగు! విన్నావటే, ఆ రాజమండ్రి పిల్ల ఇవాళ కూడా పప్పులో ఉప్పు మర్చిపోయిందే! కల్లాపి చల్లమంటే వాకిలంతా బురద చేసిందే! ఏమన్నా అంటే బెల్లంకొట్టిన రాయిలా నిలబడుతుందే!"

నన్ను నేను తిట్టుకుంటుంటే నాకే నవ్వొచ్చింది. నూకాలు చెవులు ఆడించింది, తన్నడం మానింది, నెమరు వేయడం మొదలుపెట్టింది. పాలు మాత్రం దిగలేదు.

మీ తిట్లన్నీ అయిపోయాయి. చివర్లో మీరు గొంతు తగ్గించి అనే మాట ఒక్కటి మిగిలింది. అది నా నోటితో అనుకోవడానికి సిగ్గేసింది. అయినా దాని వీపు మీద చెయ్యి వేసి అనేశాను.

"ఎన్నన్నా మంచి పిల్లేనే. నా తరవాత నిన్ను చూసుకునేది అదే."

చేపింది అత్తయ్యా! చెంబు నిండిపోతే తపేలా కోసం పరిగెత్తాను. కళ్లలో నీళ్లు తిరిగి దారి కూడా కనబడలేదు. మీ అబ్బాయి బేరగాడికి ఆ పాలతోనే కాఫీ ఇప్పించి పంపేశారు.

మోకాలు నయం కాగానే వచ్చేయండి. మీరు కూర్చోవడానికి ఎత్తు పీట చేయించాను. మొదటి రోజు పాలు మీరే పితకండి. నేను కిటికీ దగ్గర కాఫీ కలుపుతుంటాను. తిట్లు ఎప్పటిలాగే తిట్టండి, ఆ చివరి మాట మాత్రం కాస్త గట్టిగా అనండి.

ఇట్లు,
మీ రాజమండ్రి పిల్ల,
రామతులసి