పిట్ట ముట్టని విస్తరి

బావా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మనం పనికొచ్చిన ఈ అరబ్బు దేశంల, అబ్బాసియాల మన బిల్డింగ్ మీదికెక్కి, నీకిష్టమైన మటన్ కూర, బువ్వ విస్తర్ల పెట్టి పిట్టకోసం చూసిన. పావురాలు దగ్గరిదాంక వచ్చినయ్. అంతల్నే సైరన్ మోగింది, అన్నీ లేచిపోయినయ్, నేను కిందికి ఉరికొచ్చిన. నీ పానం తీసిన డ్రోన్ అసొంటిదే మళ్లొచ్చిందట. పక్కదేశంల తుపాకులు వట్టినోళ్లకు ఇంకో దేశపోళ్లు ఆ డ్రోన్లు ఇస్తనే ఉన్నరని టీవీల చెప్తున్నరు. ఇచ్చేటోనికి, ఇడిసేటోనికి నువ్వెవరో తెల్వది.

అక్క ఊరి నుంచి ఫోన్ చేసింది. "పిట్ట ముట్టిందా తమ్మీ? ముట్టకుంటే మీ బావకు మనసుల ఏదో ఉన్నట్టే."

"ముట్టింది అక్కా," అన్న. "మటనే ముందుగాల."

ఏడ్సుకుంట నవ్వింది.

విస్తరి ఇంకా మీదనే ఉన్నది బావా. నువ్వు ఆకలికి ఆగేటోనివి కాదు. సైరన్ ఆగనియ్యి, మళ్ల పోయి కూసుంట.